రోజుకు ఐదు కంజిలు: కార్డులతో జపాన్ అక్షరాలు నేర్చుకునే తీరు

విదేశాలకు ఉద్యోగానికి వెళ్లడం మన కుటుంబాలకు కొత్త కాదు. కడపలో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, హైదరాబాద్ పాతబస్తీలో ఏ వీధిలో అడిగినా గల్ఫ్‌లో ఒకరు పనిచేసిన ఇల్లు కనిపిస్తుంది. ఆ దేశాలకు వెళ్లిన మనవాళ్లకు అక్కడి లిపి అంతో ఇంతో పరిచయమైనదే. ఇప్పుడు నర్సింగ్ చదివిన మన పిల్లలు, వృద్ధుల సంరక్షణ పని నేర్చుకున్న పిల్లలు జపాన్ వైపు కూడా చూస్తున్నారు. నైపుణ్యం ఉన్న విదేశీ కార్మికుల కోసం జపాన్ 2019 ఏప్రిల్‌లో కొత్త వీసా పద్ధతి తెచ్చింది. 2021 జనవరిలో దాని విషయమై మన దేశంతో ఒప్పందం కుదిరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను ఎంపిక చేసి జపనీస్ భాషా శిక్షణ ఇప్పిస్తోంది.

పిల్ల జపాన్ వెళ్తానంటే పెద్దలు మొదట అడిగేది ఖర్చు ఎంత అని. ఫీజు, పాస్‌పోర్టు, టికెట్టు ఎలాగో సమకూరుతాయి. సహృదయులు ఎవరో ఒకరు చేయి అందిస్తారు. కానీ డబ్బుతో దాటలేని అడ్డు ఒకటుంది. అది అక్షరం.

ఇండోనేషియా నుంచి 2008లో, ఫిలిప్పీన్స్ నుంచి 2009లో ప్రభుత్వాల మధ్య ఒప్పందం కింద నర్సులు జపాన్ వెళ్లడం మొదలైంది. వారంతా తమ దేశంలో అర్హత పొందినవారు, రోగుల దగ్గర పనిచేసిన అనుభవం ఉన్నవారు. అయితే జపాన్‌లో నర్సుగా నిలవాలంటే అక్కడి జాతీయ పరీక్షను జపనీస్‌లోనే రాయాలి. 2009లో వీరిలో 82 మంది ఆ పరీక్ష రాస్తే ఒక్కరూ ఉత్తీర్ణులు కాలేదు. 2010లో 254 మంది రాస్తే ముగ్గురు గట్టెక్కారు. వారికి వైద్యం రాక కాదు, ప్రశ్నలోని అక్షరాలు మింగుడు పడక. మంచంలోనే ఉండే రోగికి వచ్చే ఒత్తిడి పుండును మాటల్లో ‘తొకొజురె’ అంటారు. పుస్తకంలో మాత్రం ‘జొకుసో’ అని ఉంటుంది. ఆ మాటలోని రెండు అక్షరాలూ జపాన్ ప్రభుత్వం నిత్య వాడుకకని ప్రకటించిన జాబితాలోనే లేవు. తర్వాతి సంవత్సరాల్లో విదేశీ అభ్యర్థులకు కంజిల పక్కన ఉచ్చారణ రాసి ఇవ్వడం, పరీక్ష సమయం పెంచడం జరిగింది. అయినా అక్షరం నేర్వక తప్పదు.

పరీక్ష సంగతి అటుంచండి. రోగి చేతిలోని మందు పొట్లం మీద రెండే అక్షరాలుంటాయి. ‘షొకుజెన్’ అని ఉంటే భోజనానికి ముందు, ‘షొకుగొ’ అని ఉంటే భోజనం తర్వాత. ‘షొక్కన్’ అని ఉంటే? అక్షరార్థం ‘భోజనం నడుమ’. అన్నం తింటూ మధ్యలో వేసుకోవాలని జపాన్‌వాళ్లే కొందరు పొరపడతారు. నిజానికి అది ఒక భోజనానికీ మరో భోజనానికీ నడుమ, అంటే తిన్న తర్వాత సుమారు రెండు గంటలకు వేసుకోవలసిన మందు. ఆ పొట్లం ఇచ్చే చేయి మన పిల్లదైనప్పుడు, ఆ అక్షరం ఆమెకు రావాలా వద్దా అన్నది మార్కుల సంగతి కాదు.

కంజి అంటే చూడగానే భయం పుడుతుంది. కానీ దానికి ఒక దారి ఉంది. పెద్ద ఖర్చు లేనిది, ఇంట్లో కూర్చుని చేయగలిగినది. అదే కార్డుల పద్ధతి.

కంజికి ముందు కనా

జపనీస్‌లో మూడు రకాల అక్షరాలు కలిసి నడుస్తాయి. హిరగన, కతకన అనేవి ధ్వనిని చూపే అక్షరాలు. ఒక్కోదానిలో మూలాక్షరాలు 46. మూడోది చైనా నుంచి వచ్చిన కంజి. ఇది ధ్వనితో పాటు అర్థాన్నీ మోస్తుంది. నిత్య వాడుక జాబితాలో ఇవి 2136. జపాన్ పిల్లలు ఒకటో తరగతిలో నేర్చేది 80. ప్రాథమిక పాఠశాల ఆరేళ్లలో 1026. తక్కినవి ఆ పైతరగతుల్లో. ఇంట్లో, వీధిలో ఆ భాషే వింటూ పెరిగే పిల్లలకే అన్నేళ్లు పడుతుంది. కనుక మన పిల్లకు ఒక్క నెలలో రాలేదని నిరాశ పడనక్కరలేదు.

మొదటి రెండు మూడు వారాలు కంజి జోలికి పోకుండా రెండు కనాలు నేర్చుకోవాలి. ఇందులో తెలుగువారికి అనుకూలం ఉంది. కనా వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. సంస్కృతం చదివిన బౌద్ధ భిక్షువుల వల్ల మన వర్ణమాల ప్రభావం దానిమీద పడింది. మన గుణింతం వచ్చిన పిల్లకు ఆ వరుస కొత్తగా తోచదు.

ఇంకొక మేలు కూడా ఉంది. ఉచ్చారణను ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోవద్దు, తెలుగులో రాసుకోండి. ‘ఒబసన్’ అంటే అత్త లేక పిన్ని, ‘ఒబాసన్’ అంటే అవ్వ. ‘బ్యోఇన్’ అంటే ఆసుపత్రి, ‘బియోఇన్’ అంటే బ్యూటీ పార్లర్. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం తేడాలు మన లిపిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఇంగ్లిషు రాతలో అవి తరచు జారిపోతాయి.

ఒక అక్షరం, రెండు పలుకులు

కొత్తవాళ్లను ఎక్కువ తికమక పెట్టేది ఇది: ఒకే కంజిని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా చదువుతారు. దీన్ని మన భాషతోనే అర్థం చేసుకోవచ్చు. విడిగా మనం ‘నీరు’ అంటాం. సమాసంలోకి వస్తే జలపాతం, జలాశయం అంటాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు విడిగా ‘పానీ’ అంటారు, ‘గులాబ్’, ‘ఆబ్కారీ’ మాటల్లో మాత్రం ‘ఆబ్’ వస్తుంది. ఈ రెండు పలుకులకూ కలిపి ఒకే అక్షరం ఉందనుకోండి. అదే కంజి. నీటి అక్షరాన్ని విడిగా ‘మిజు’ అని చదువుతారు, ఇది జపాన్ సొంత మాట. ‘సుయ్‌దో’ అనే మాటలో, అంటే కుళాయి నీటి సరఫరాలో, అదే అక్షరం ‘సుయ్’. ఇది చైనా నుంచి వచ్చిన పలుకు.

కాబట్టి ఒక అక్షరానికి ఉన్న పలుకులన్నీ ఒకేసారి బట్టీ పట్టడం మొదటి పొరపాటు. ‘పుట్టుక, ప్రాణం’ అనే అర్థమిచ్చే ఒక్క కంజికే పదికి పైగా పలుకులున్నాయి. ‘సెన్‌సే’ అంటే గురువు, ‘ఉమరెరు’ అంటే పుట్టడం, ‘నమ’ అంటే పచ్చిది. అన్నిటిలోనూ అదే అక్షరం. పలుకులను జాబితాగా కాదు, మాటల్లో నేర్చుకోవాలి. ఒక మాట, దానికి ఒక పలుకు. మరో పలుకు మరో మాటలో ఎదురైన రోజున నేర్చుకోవచ్చు.

గీతలు కాదు, ముక్కలు

తెలియని కంటికి కంజి అంటే గీతల గుంపు. తెలిసిన కంటికి అది కొన్ని ముక్కల కూర్పు. చెట్టు అక్షరాన్ని రెండుసార్లు పక్కపక్కన రాస్తే తోపు, మూడుసార్లు రాస్తే అడవి. మనిషి పక్కన చెట్టు ఉంటే ‘విశ్రాంతి’. ఎండన పడి వచ్చినవాడు చెట్టుకు చేరబడ్డాడు. సూర్యుడి పక్కన చంద్రుడు ఉంటే ‘వెలుగు’. పొలం కింద బలం ఉంటే ‘మగవాడు’. చెట్టు మొదట్లో ఒక అడ్డగీత గీస్తే ‘మూలం’. సూర్యుడు, మూలం కలిస్తే ‘నిహోన్’, అంటే జపాన్. మందు పొట్లం మీది ‘నడుమ’ అక్షరం చూడండి: రెండు తలుపుల గుమ్మం, వాటి నడుమ సూర్యుడు. తలుపుల సందులోంచి ఎండ పడుతోందని ఒకసారి అనుకుంటే ఇక మరచిపోరు.

చాలా అక్షరాల్లో ఒక ముక్క అర్థాన్ని, ఇంకో ముక్క ధ్వనిని చెబుతుంది. ‘నీలం’ అక్షరానికి చైనా పలుకు ‘సే’. దాని పక్కన సూర్యుడు చేరితే తేటపడిన ఆకాశం, నీరు చేరితే నిర్మలం, మాట అనే ముక్క చేరితే విన్నపం. మూడింటికీ పలుకు ‘సే’. యాభై ముక్కలు గుర్తుపట్టే పిల్లకు కొత్త అక్షరం పూర్తిగా కొత్తది కాదు.

ముక్కలతో కథ అల్లి గుర్తు పెట్టుకునే పద్ధతిని జేమ్స్ హైసిగ్ 1970లలో పుస్తకంగా తెచ్చారు. ఆ పుస్తకంలోని కథలు ఇంగ్లిషువి. మనకు మన కథలే బాగా అతుకుతాయి. మనిషిని ‘హితొ’ అంటారు, మన హితుడు గుర్తొస్తాడు. కొండను ‘యమ’ అంటారు, యముడు కొండెక్కాడనుకోండి. కథ ఎంత వింతగా ఉంటే అంత మంచిది. అది ఎవరికీ చెప్పనక్కరలేదు.

మొదటి కార్డులు

ఏ అక్షరాలతో మొదలుపెట్టాలి? అంకెలు, మనిషి, నోరు, చేయి, కన్ను, చెవి, కాలు, పైన, కింద, లోపల, పెద్ద, చిన్న. ఆపై వారాల పేర్లు. జపాన్ వారాల్లో వరుసగా చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, లోహం, మట్టి, సూర్యుడు వస్తాయి. సోమవారం చంద్రుడిది, ఆదివారం సూర్యుడిది. నిప్పు నక్షత్రమని వారు పిలిచేది కుజుణ్ణి, అది మన మంగళవారం. నీటి నక్షత్రం బుధుడు, చెట్టు నక్షత్రం గురుడు, లోహ నక్షత్రం శుక్రుడు, మట్టి నక్షత్రం శని. మన వారాల వరుసే వారిదీ. ఈ ఏడు అక్షరాలు వస్తే వందలాది ఇతర అక్షరాల ముక్కలు చేతికి వచ్చినట్టే. సంరక్షణ పనికి వెళ్లేవారు తినడం, తాగడం, ముందు, తర్వాత, నడుమ, మందు, జబ్బు, ప్రవేశం, నిష్క్రమణ కూడా మొదటి వందలోనే చేర్చుకోవాలి.

కార్డులకు కొత్త అట్ట కొననక్కరలేదు. ఇంట్లో పాత పెళ్లి కార్డులుంటాయి. వాటి ఖాళీ వైపు మందంగా, తెల్లగా ఉంటుంది. అరచేతిలో పట్టే ముక్కలుగా కత్తిరించండి. ముందువైపు అక్షరం పెద్దగా, దాని కింద ఆ అక్షరం వచ్చే ఒక మాట. అంతే. వెనకవైపు ఆ మాట పలుకు తెలుగు లిపిలో, అర్థం, గీతల సంఖ్య, ఒక్క వాక్యంలో గుర్తు కథ. ఒక కార్డుకు ఒకే ప్రశ్న: ఈ మాటను చదివి అర్థం చెప్పు. నాలుగు పలుకులు, ఆరు అర్థాలు ఒకే కార్డు మీద కుక్కితే సగం చెప్పి, వచ్చిందనుకుని మోసపోతాం.

రాసే క్రమం ముఖ్యం. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి అన్నది సాధారణ సూత్రం. కొత్త అక్షరాన్ని ఆ క్రమంలో మూడు నాలుగు సార్లు రాస్తే చాలు. జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలో చేత్తో రాయించరు, సరైన జవాబు గుర్తించమంటారు. అందుకని ముందు చదవడం, తర్వాత రాయడం.

ఐదు గదుల పెట్టె

నేర్చినది ఎంత త్వరగా మరచిపోతామో జర్మనీకి చెందిన ఎబింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం రాశారు. మరపు మొదట్లో చాలా వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి మరచిపోబోయే వేళకు ఒకసారి గుర్తు చేసుకుంటే, తర్వాతిసారి ఇంకాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. ఖురాన్ కంఠస్థం చేసే పిల్లలు ఈ సూత్రాన్ని ఎప్పటినుంచో ఆచరిస్తున్నారు. కొత్త పాఠం సబఖ్, ఇటీవలి పాఠం సబ్ఖీ, పాతదాని వల్లెవేత మంజిల్. ఈ మూడూ రోజూ ఉంటేనే నేర్చినది నిలుస్తుంది.

దీన్నే కార్డులకు వర్తింపజేసి సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఒక పెట్టె పద్ధతి చెప్పారు. చెప్పుల డబ్బా తీసుకుని అట్టముక్కలతో ఐదు గదులు చేయండి. కొత్త కార్డు మొదటి గదిలో వేయాలి. అందులోవి మర్నాడే చూడాలి. రెండో గదిలోవి రెండు రోజులకు, మూడో గదిలోవి నాలుగు రోజులకు, నాలుగో గదిలోవి ఎనిమిది రోజులకు, ఐదో గదిలోవి పదహారు రోజులకు. చెప్పగలిగితే కార్డు తర్వాతి గదికి పోతుంది. చెప్పలేకపోతే ఏ గదిలోదైనా సరే మొదటి గదికి రావాలి. మళ్లీ చూడవలసిన తేదీని కార్డు మూల పెన్సిల్‌తో రాసుకుంటే లెక్క తప్పదు.

ఒక నియమం తప్పకూడదు. కార్డు తిప్పకముందే జవాబు పైకి చెప్పాలి. తిప్పి చూసి ‘అవును, ఇదే, నాకు తెలుసు’ అనుకోవడం చదువు కాదు. గుర్తు తెచ్చుకునే ఆ పెనుగులాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

రోజుకు ఎన్ని?

నేను మొదలుపెట్టినప్పుడు ఉత్సాహం కొద్దీ రోజుకు ముప్పై చొప్పున రాశాను. మూడో వారానికి రోజూ చూడవలసిన పాత కార్డులు వంద దాటాయి. ఒక పూట మానేశాను, ఆ పూట వారమైంది. పెట్టె బీరువా మీదికి చేరింది. తప్పు కార్డులది కాదు, లెక్క వేయని నాది.

లెక్క చిన్నదే. ఒక్కో కార్డు ఐదు గదులు దాటాలంటే ఐదుసార్లు చూడాలి, మొత్తం 31 రోజులు. రోజుకు ఐదు కొత్తవి వేస్తే, నెల తిరిగేసరికి రోజుకు చూడవలసిన పాతవి 25. తప్పినవి కలుపుకుంటే 35 అనుకోండి. పది పన్నెండు నిమిషాల పని. కొత్త ఐదింటికి ఇంకో పదిహేను నిమిషాలు. రోజుకు అరగంట. అదే రోజుకు ముప్పై అయితే పాతవే 150. ఉద్యోగమో, చదువో, ఇంటి పనో ఉన్న పిల్ల వల్ల అయ్యేది కాదు.

2010కి ముందున్న ప్రావీణ్య పరీక్షలో అన్నిటికంటే కింది స్థాయికి సుమారు 100 కంజిలు, దానిపై స్థాయికి 300 అని చెప్పేవారు. ఇప్పుడు అధికారిక జాబితా లేకపోయినా ఆ అంచనా ఇప్పటికీ పనికొస్తుంది. సంరక్షణ పని వీసాకు ఆ రెండో స్థాయి, అంటే నేటి ఎన్4, లేదా దానికి దీటైన పరీక్ష కావాలి. రోజుకు ఐదు చొప్పున 300 అక్షరాలు కాగితం మీద రెండు నెలలు. జ్వరాలు, పెళ్లిళ్లు, పండగలు కలుపుకుంటే నాలుగైదు నెలలు. అది చేరగల గమ్యమే.

నాలుగు రోజులు మానేస్తే ఏం చేయాలి? కొత్త కార్డులు ఆపండి. పేరుకుపోయిన వాటిలో రోజుకు ముప్పై చొప్పున తీర్చండి. అన్నీ తీరాకే కొత్తవి. ఒక్కరోజులో అప్పంతా తీర్చాలని కూర్చుంటే మరునాడు పెట్టె తెరవాలనిపించదు.

మొండి కార్డులు

కొన్ని కార్డులు ఎన్నిసార్లు చూసినా మొదటి గదికే తిరిగి వస్తాయి. వాటిని ఇంకా ఎక్కువసార్లు చదివి ప్రయోజనం లేదు, కార్డునే మార్చాలి. సాధారణంగా కారణం పోలిక. ‘పెద్ద’ అక్షరానికి కుడిపైన చుక్క పెడితే కుక్క, కింద చుక్క పెడితే లావు. ‘ఇంకా కాలేదు’, ‘చివర’ అనే రెండు అక్షరాలకు తేడా పై అడ్డగీత పొట్టిదా పొడుగుదా అన్నదే. ‘ఎదురుచూడు’, ‘పట్టుకో’ అనేవి ఎడమ ముక్కలోనే వేరు. ఇలాంటి జంటలను ఒకే కార్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఉన్నచోట ఎర్ర సిరాతో చుట్టండి. అప్పటికీ రాకుంటే కథ మార్చండి.

ఫోన్‌లో అయితే

ఇదే పని చేసే ఉచిత సాధనం ఆంకి. దీన్ని డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేశారు. ఆంకి అంటే జపనీస్‌లో ‘కంఠస్థం’. కంప్యూటర్‌కు, ఆండ్రాయిడ్ ఫోన్‌కు డబ్బు కట్టనక్కరలేదు. ఐఫోన్‌కు మాత్రం ధర ఉంది. ఏ కార్డు ఏ రోజున చూడాలో అదే లెక్క వేస్తుంది. కానీ మొదటి వంద అక్షరాలకు చేత్తో రాసిన కార్డులే మేలని నా అభిప్రాయం. రాసేటప్పుడే సగం నేర్చుకుంటాం. ఎవరో చేసిన రెండువేల కార్డుల కట్టను దింపుకుని మొదలుపెట్టినవారికి ఆ అక్షరాలూ తమవి కావు, కథలూ తమవి కావు.

ఒక హెచ్చరిక. కార్డు వచ్చినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు. రోజూ కార్డుల తర్వాత రెండు మూడు వాక్యాలైనా పాఠ్యపుస్తకంలో చదవాలి. మందు చీటీ, స్టేషన్ బోర్డు, వంటసరుకు పొట్లం, ఏది దొరికితే అది. కార్డు మీద కలిసిన అక్షరం బయట ఎదురైతే పరిచయం స్నేహమవుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగల పని

ఇంతవరకు చదివిన మీరు ‘మాకు జపనీస్ రాదు కదా, మేమేం చేయగలం’ అనుకోవచ్చు. చేయగలరు. కార్డు వెనక జవాబు తెలుగులోనే ఉంది. సాయంత్రం టీ తాగుతూ అమ్మీ ఒక కార్డు ఎత్తి చూపవచ్చు, తమ్ముడు చూపవచ్చు, తాత చూపవచ్చు. పిల్ల చెప్పినది వెనక రాసినదానితో సరిపోయిందా లేదా చూసి, సరిపోతే తర్వాతి గదిలో, లేకుంటే మొదటి గదిలో వేయడమే. అడిగేవారు ఒకరు ఎదురుగా ఉంటే పిల్ల తనను తాను మోసం చేసుకోదు, పూట తప్పించదు. ఒక చదువుకు ఫీజు కట్టడం ఎంత సాయమో, ఇరవై నిమిషాలు ఎదురుగా కూర్చుని కార్డు పట్టుకోవడమూ అంత సాయమే.

ఏడాది తర్వాత ఎక్కడో జపాన్ పట్టణంలో ఒక ముసలామె మంచం పక్కన నిలబడి, మన పిల్ల మందు పొట్లం మీది రెండు అక్షరాలు చూస్తుంది. భోజనం. తలుపుల నడుమ సూర్యుడు. గోడ గడియారం వైపు చూసి, ‘ఇప్పుడు కాదు అవ్వా, ఇంకో గంట ఆగి’ అని చెబుతుంది. ఆ అక్షరం ఆమెకు వచ్చింది ఏ సాయంత్రమో మన ఇంటి గుమ్మంలో, పాత పెళ్లి కార్డు ముక్క మీద.